కంటి నరం ఎంత వేగంగా పలచబడుతోంది?

మా బాబాయి కంటి పరీక్ష కోసం గుంటూరు నుంచి విజయవాడ వచ్చినప్పుడల్లా చేతిలో ఒక బట్టల కొట్టు సంచి ఉంటుంది. అందులో ఆరేళ్ల రిపోర్టులు. కొన్ని గుంటూరు కొత్తపేటలో తీయించినవి, కొన్ని విజయవాడ సూర్యారావుపేటలో తీయించినవి. మడతల దగ్గర చిరిగినవి, టీ మరక పడినవి, రంగు వెలిసినవి. పోయినసారి నేనూ వెంట వెళ్లాను. డాక్టరుగారి బల్ల మీద రెండు కాగితాలు పరిచి, "అప్పుడు ఎరుపు ఇంతే ఉందండీ, ఇప్పుడు ఇంత ఉంది. జబ్బు పెరిగినట్టేనా?" అని అడిగాడు. ఆవిడ రెండింటినీ కాసేపు చూసి, "ఇవి రెండు వేర్వేరు కంపెనీల మిషన్లలో తీసినవండీ. పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు" అన్నారు.

ఆరేళ్ల కాగితాలు ఉండి కూడా తెలియవలసిన ఒక్క సంగతి తెలియలేదు. బాబాయి కంటి నరం ఏడాదికి ఎంత చొప్పున పోతోంది? ఆయనకున్నది గ్లకోమా, కంటి నరాన్ని మెల్లగా తినేసే జబ్బు. దాని వైద్యం చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఇప్పటిదాకా పోయిన చూపును ఏ మందూ తిరిగి తేలేదు. పోతున్న వేగం తెలిస్తే మాత్రం చుక్కల మందు పెంచాలో, ఉన్నదే కొనసాగించాలో, ఆపరేషన్ దాకా వెళ్లాలో తేల్చుకోవచ్చు. ఇంటికి వచ్చాక ఆ వేగాన్ని ఎలా కొలుస్తారు, రేపటి సంగతి ఎంతవరకు చెప్పగలరు అని చదవడం మొదలుపెట్టాను. స్కాన్ కాగితం మీద రంగులు చూసి భయపడటమూ, ధైర్యపడటమూ రెండూ తొందరపాటేనని అప్పుడు అర్థమైంది.

నీటికాసులంటే శుక్లాలు కావు

గ్లకోమాను తెలుగులో నీటికాసులు అంటారు. చాలామందికి దీనికీ శుక్లాలకూ తేడా తెలియదు. "ముదరనివ్వండి, అప్పుడు ఆపరేషన్ చేయించుకుందాం" అని కూర్చుంటారు. శుక్లం విషయంలో ఆ మాటకు కొంత అర్థం ఉంది. మసకబారిన కటకాన్ని తీసేసి కొత్తది పెట్టవచ్చు. గ్లకోమాలో చెడేది కంటిని మెదడుతో కలిపే నరం. దానికి బదులు పెట్టగలిగినది ఇప్పటికి ఏదీ లేదు.

కంటి ముందు భాగంలో ఒక పలచని ద్రవం ఎప్పుడూ ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే జల్లెడలాంటి దారి గుండా బయటికి పోతుంటుంది. ఆ దారి ఇరుకైనా, మూసుకుపోయినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలు కళ్లలో అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. పెరిగిన ఒత్తిడి భారమంతా కంటి వెనుక నరం బయటికి వెళ్లే చోట పడుతుంది. ఒక్కో కంటి నరంలో సుమారు 10 నుంచి 12 లక్షల తంతువులు ఉంటాయి. కంటి వెనుక తెర అయిన రెటీనా అంతటా పరుచుకున్న గాంగ్లియన్ కణాల్లో ఒక్కోదాని నుంచి ఒక్కో తంతువు బయలుదేరి, పక్కవాటితో కలుస్తూ నరం తల దగ్గరికి చేరుతుంది. కృష్ణా డెల్టాలో మురుగు డ్రెయిన్లు చూసినవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు. పొలం పొలం నుంచి వచ్చిన చిన్న పాయలు కలిసి పెద్ద కాలువ అయినట్టే ఇవీ కలుస్తాయి. కాకపోతే ఇవి రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే మాక్యులా అనే చోటును తప్పించుకుంటూ పైనుంచి, కింది నుంచి విల్లులా వంగి వస్తాయి. అందుకే నరం తలకు పైవైపున, కిందివైపున ఈ పొర అన్నిటికంటే మందంగా ఉంటుంది. గ్లకోమా దెబ్బ కూడా ఎక్కువగా ముందు అక్కడే తగులుతుంది.

తంతువులు ఒక్కొక్కటిగా రాలిపోతున్నా మనిషికి తెలియదు. ఒక కంటికి కనబడని చోటు రెండో కంటికి కనబడుతుంది. రెండింటికీ కనబడనిదాన్ని చుట్టుపక్కల ఉన్న రంగులతో మెదడు పూడ్చేస్తుంది. బందరు రోడ్డు దాటుతున్నప్పుడు పక్క నుంచి వచ్చిన ఆటో "ఉన్నట్టుండి" ప్రత్యక్షమయిందని చెప్పే పెద్దవారిలో కొందరికి ఆ పక్క చూపు ఎప్పుడో పోయి ఉంటుంది. అక్షరాల బోర్డు చదివించే పరీక్షలో మాత్రం వాళ్లు ఆఖరి వరుస దాకా చదివేస్తారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు పది వేలమందికి పైగా ప్రజల కళ్లు పరీక్షించింది. హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. హైదరాబాద్‌లో మామూలు రకం గ్లకోమా బయటపడినవారిలో పదింట తొమ్మిది మందికి పైగా తమకు ఆ జబ్బు ఉన్నట్టు అప్పటిదాకా తెలియనివారే. దేశం మొత్తం మీద నలభై దాటినవారిలో సుమారు 1.12 కోట్లమందికి గ్లకోమా ఉంటుందని 2010లో వచ్చిన అంచనా.

ఒత్తిడి కొలిస్తే చాలదా అని అనిపించవచ్చు. చాలదు. ఒత్తిడి 15 ఉన్నా నరం పలచబడేవారు ఉన్నారు, 26 ఉన్నా ఏళ్ల తరబడి ఏమీ కానివారూ ఉన్నారు. ఒత్తిడి ఎక్కువ ఉండి నరం ఇంకా బాగానే ఉన్న 1,636 మందిని అమెరికాలో రెండు జట్లు చేసి అయిదేళ్లు గమనించారు. ఫలితాలు 2002లో వచ్చాయి. చుక్కల మందు వేసుకున్నవారిలో 4.4 శాతం మందికి, వేసుకోనివారిలో 9.5 శాతం మందికి గ్లకోమా వచ్చింది. మందు పనిచేస్తుందని ఆ లెక్క రుజువు చేసింది. అదే లెక్కను ఇటునుంచి చూస్తే, మందు వేసుకోకపోయినా అయిదేళ్లలో నూటికి తొంభై మందికి జబ్బు రాలేదు. ఆ తొంభై మంది ఎవరో, మిగతా పదిమంది ఎవరో ముందే చెప్పగలగడం ఎలా?

గుట్టా, గుంటా

బతికి ఉన్న మనిషి కంటి లోపలికి చూడటం 1851 తర్వాతే సాధ్యమైంది. జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును ప్రపంచానికి చూపించిన సంవత్సరం అది. ఆ తర్వాత మూడేళ్లకు ఆనాటి ఉద్దండులైన కంటి వైద్యులు గ్లకోమా రోగి నరం తలను చూసి, అది ఉబ్బి పైకి లేచిందని రాశారు. ఒక్క కంటితో చూసే పరికరంలో లోతు తెలియక గుంట వాళ్లకు గుట్టలా కనబడింది. మరికొన్నాళ్లకు, చనిపోయినవారి కళ్లను కోసి చూశాక, అది లోపలికి కుంగిన గుంటేనని తేలింది. బొమ్మ చేతిలో ఉండి కూడా దాన్ని తలకిందులుగా చదివిన ఈ కథ నాకు చాలా ఇష్టం. ఇప్పటి స్కాన్‌లు చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

డాక్టర్లు "కప్పు పెద్దదయింది" అనేది ఆ గుంట గురించే. నరం తల మొత్తాన్ని డిస్క్ అంటారు, మధ్యలోని గుంటను కప్పు అంటారు. తంతువులు రాలేకొద్దీ అంచు సన్నబడి కప్పు పెద్దదవుతుంది. డిస్కులో కప్పు ఎన్నో వంతు అన్నది రిపోర్టులో 0.3 అనో, 0.7 అనో రాస్తారు. 0.6, 0.7 దాటితే అనుమానిస్తారు. రెండు కళ్లకూ మధ్య తేడా 0.2కు మించితే అనుమానం ఇంకా పెరుగుతుంది. కానీ పుట్టుకతోనే డిస్క్ పెద్దదిగా ఉన్నవారికి కప్పు కూడా పెద్దదిగానే ఉంటుంది, నరం మాత్రం నిక్షేపంగా ఉంటుంది. డిస్క్ చిన్నదిగా ఉన్నవారికి 0.5 అన్నా అప్పటికే జబ్బు కావచ్చు. పైగా ఒకే ఫొటోను ఇద్దరు నిపుణులకు చూపిస్తే ఒకరు 0.6, ఇంకొకరు 0.7 రాయడం మామూలే. అలాంటప్పుడు 2019లో 0.6, 2024లో 0.7 అని ఉంటే జబ్బు ముదిరిందని అనాలా, డాక్టరు మారారని అనాలా?

అలాగని రంగు ఫొటోను తీసిపారేయలేం. డిస్క్ అంచున చిన్న గీతలా కనబడే రక్తపు చార ఫొటోలోనే బాగా దొరుకుతుంది. కొన్ని వారాల్లో మాయమయ్యే ఆ చార నరం ఇంకా దెబ్బ తింటోందనడానికి బలమైన గుర్తు. ఎంత ఖరీదైన స్కాన్ అయినా పలచదనాన్ని కొలుస్తుంది కానీ ఆ చారను తేలిగ్గా దాటేస్తుంది.

మైక్రాన్ల కొలత

ఇప్పుడు గ్లకోమాలో అందరి నోటా వినబడేది ఓసీటీ స్కాన్. అమెరికాలోని ఎంఐటీలో తయారైన ఈ పద్ధతిని 1991లో మొదటిసారి ప్రకటించారు. అల్ట్రాసౌండ్‌లో శబ్దం చేసే పనిని ఇక్కడ కంటికి దాదాపు కనబడని పరారుణ కాంతి చేస్తుంది. లోపలి ఒక్కో పొర నుంచి తిరిగి వచ్చే కాంతి ఎంత ఆలస్యంగా వచ్చిందో చూస్తే ఆ పొర ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. కాంతి వేగానికి ఆ ఆలస్యాన్ని ఏ గడియారమూ కొలవలేదు. అందుకే వచ్చిన కాంతిని పక్క దారిలో పంపిన అదే కాంతితో కలిపి, రెండు అలలు ఎక్కడ సరిపోతున్నాయో చూసి దూరం లెక్కగడతారు. తొలి తరం మిషన్లు సెకనుకు 400 గీతలు గీసేవి. 2006 ప్రాంతంలో వచ్చిన తరం ఇరవై వేలు దాటింది. లోతును సుమారు 5 మైక్రాన్ల తేడాతో పట్టగలవు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, దాంతో పోల్చుకుంటే ఎంత సూక్ష్మమో ఊహించుకోవచ్చు.

నరం తల చుట్టూ ఒక వృత్తం గీసి, ఆ వృత్తం మీద తంతువుల పొర మందం ఎంత ఉందో మిషన్ సగటు కడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో అది సాధారణంగా 90, 100 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ అంకెను మిషన్ తన దగ్గర దాచుకున్న ఆరోగ్యవంతుల లెక్కతో పోల్చి రంగు వేస్తుంది. ఆ వయసువారిలో అందరితో పాటు ఉంటే ఆకుపచ్చ, అట్టడుగు 5 శాతంలో ఉంటే పసుపు, అట్టడుగు 1 శాతంలో ఉంటే ఎరుపు. బాబాయి వేలు పెట్టి చూపించిన ఎరుపు ఇదే.

ఈ రంగులు చేసే మోసానికి కంటి వైద్యుల్లో "ఎర్ర జబ్బు", "పచ్చ జబ్బు" అని వేళాకోళపు పేర్లు కూడా ఉన్నాయి. మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవారి కళ్లు పొడవుగా ఉంటాయి, తంతువుల దారులు పక్కకు జరిగి ఉంటాయి. జబ్బు లేకపోయినా మిషన్ ఎరుపు వేస్తుంది. ఇంకొకరికి పుట్టుకతో 115 మైక్రాన్లు ఉండి ఉంటుంది. పాతిక మైక్రాన్లు పోయి 90కి వచ్చినా మిషన్ పచ్చగానే చూపిస్తుంది. అతను మిగతా జనంతో పోలిస్తే బాగానే ఉన్నాడు, తన పాత కంటితో పోలిస్తే బాగా నష్టపోయాడు. శుక్లం ముదిరినా, కన్ను పొడిబారినా కాంతి సరిగ్గా లోపలికి పోక పొర ఉన్నదానికంటే పలచగా కనబడుతుంది. కొన్ని మిషన్ల రిపోర్టులో మూలన సిగ్నల్ బలం పదికి ఎంతో వేస్తారు. అది ఆరు కంటే తక్కువైతే మిగతా అంకెల మీద నమ్మకం పెట్టుకోవడం దండగ. శుక్లం ఆపరేషన్ అయ్యాక "నరం మెరుగుపడింది" అని సంతోషించేవారు నిజానికి కిటికీ అద్దం తుడిచాక లోపలి గదిని చూస్తున్నారు.

రెండు కంపెనీల మిషన్లను పోల్చడానికి లేదన్న డాక్టరుగారి మాటకు కారణం కూడా ఇక్కడే ఉంది. పొర పై అంచు ఎక్కడ, కింది అంచు ఎక్కడ అన్నది ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో రకంగా గీస్తుంది. అదే కన్ను, అదే రోజు, రెండు మిషన్లలో కొన్ని మైక్రాన్ల తేడాతో రావచ్చు. ఆ తేడా చాలామంది రోగుల్లో రెండు మూడేళ్లలో పోయే మందంతో సమానం.

బ్యారేజీ దగ్గర నీటిమట్టం

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో విజయవాడవాసులు పొద్దున్నే చూసే అంకె ఒకటుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో ప్రమాద హెచ్చరిక. అయితే "ఇప్పుడు 3 లక్షలు" అన్న ఒక్క ముక్క వింటే ఎవరికీ ఏమీ తెలియదు. నిన్న 5 లక్షలు ఉండి ఇవాళ 3కు దిగిందా, రాత్రి లక్ష ఉండి తెల్లారేసరికి 3 అయిందా అన్నదాన్ని బట్టి కరకట్ట పక్కన ఉన్నవారు సామాన్లు సర్దుకోవాలో వద్దో ఉంటుంది.

ఓసీటీలో 78 మైక్రాన్లు అన్న అంకె కూడా అంతే. వరసగా చూస్తేనే దానికి అర్థం వస్తుంది. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒకాయనకు ఏడాదికోసారి అదే మిషన్‌లో స్కాన్ చేశారు. వరసగా 84, 81, 83, 78, 77 వచ్చాయి. రెండో ఏడాది మూడు మైక్రాన్లు తగ్గిందని ఆయన దిగులుపడ్డాడు, మూడో ఏడాది రెండు పెరిగిందని మొక్కు తీర్చుకున్నాడు. రెండూ అనవసరమే. ఒకే కన్నును ఒకే రోజు రెండుసార్లు తీసినా నాలుగైదు మైక్రాన్ల దాకా తేడా రావచ్చు. తల కాస్త వాలినా, చూపు కాస్త పక్కకు జరిగినా చాలు. కొత్త మిషన్లు రక్తనాళాల అమరికను గుర్తుపెట్టుకుని పాత స్కాన్ తీసిన చోటే మళ్లీ తీస్తాయి. దాంతో ఈ తేడా తగ్గింది, పోలేదు.

అయిదు చుక్కలనూ కాగితం మీద పెట్టి, వాటి మధ్య నుంచి అన్నిటికీ దగ్గరగా ఉండేలా ఒక గీత గీస్తే ఏడాదికి 1.7 మైక్రాన్ల చొప్పున తగ్గుతున్నట్టు వస్తుంది. గ్లకోమా లేనివారికి కూడా వయసుతో పాటు ఏటా సుమారు అర మైక్రాన్ పోతుంది. ఈయనకు దానికి మూడు రెట్లకు పైగా పోతోంది. ఇది పట్టించుకోవలసిన వేగం. ఈ మాట చెప్పడానికి అయిదు స్కాన్‌లు, నాలుగేళ్లు పట్టింది. మొదటి రెండు స్కాన్‌లు చూసి మందు మార్చినా, మూడోది చూసి ధీమాగా ఊరుకున్నా పొరపాటు పడేవారు. మిషన్ గీత గీసి "మార్పు ఉండవచ్చు", "మార్పు ఉండే అవకాశం ఎక్కువ" అని ముద్ర వేస్తుంది. ఒక్కసారి ముద్ర పడితే నమ్మరు. మళ్లీ తీసి, మళ్లీ పడితేనే నమ్ముతారు.

ఈ గీతను ముందుకు పొడిగించి "ఇంకో పదమూడేళ్లలో ఇంత" అని చెప్పడానికి ఒక అడ్డు ఉంది. నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులు, 510కి దిగితే డెడ్ స్టోరేజీ. ఆ కింద నీళ్లు ఉంటాయి కానీ కాలువకు అందవు. తంతువుల పొరకు కూడా అలాంటి అట్టడుగు మట్టం ఒకటుంది. సుమారు 50, 55 మైక్రాన్ల దగ్గర కొలత ఆగిపోతుంది. అక్కడ మిగిలేది రక్తనాళాలు, తంతువులకు ఆసరాగా ఉండే కణజాలం. జబ్బు ముదిరినవారి రిపోర్టులో ఏళ్ల తరబడి 53, 54, 53 అని కనబడితే జబ్బు ఆగిందని అర్థం కాదు, కొలబద్ద అయిపోయింది. ఆ దశలో మాక్యులా దగ్గరి గాంగ్లియన్ కణాల పొరను స్కాన్ చేయడం, దానికంటే ముఖ్యంగా ఫీల్డ్ టెస్టు చేయించడం అవసరం.

ఫీల్డ్ టెస్టు అంటే అందరికీ విసుగే. గిన్నెలాంటి తెర ముందు గడ్డం ఆనించి, మధ్య లైటునే చూస్తూ, పక్కన ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి. ఎక్కువమందికి చేసే రకంలో ఒక్కో కంటికి 54 చోట్ల పరీక్షిస్తారు. అలిసిపోతారు, కునుకు తీస్తారు, వెలుగు లేకపోయినా నొక్కేస్తారు. మొదటిసారి ఫలితం చాలామందికి చెడ్డగానే వస్తుంది, అలవాటు లేక. అయినా చూపు ఎంత ఉందో చెప్పేది ఇదొక్కటే, ఓసీటీ చెప్పేది నరం ఎంత ఉందన్నది. తొలి దశలో నరం ముందు పలచబడుతుంది, చూపు తర్వాత తగ్గుతుంది. చనిపోయిన రోగుల కళ్లలో కణాలను లెక్కపెట్టి వారి పాత ఫీల్డ్ టెస్టులతో పోల్చిన ఒక అధ్యయనంలో, టెస్టులో తేడా గట్టిగా బయటపడేసరికే 25 నుంచి 35 శాతం కణాలు పోయి ఉన్నాయని తేలింది. కాబట్టి మొదట్లో స్కాన్ మాట, చివర్లో ఫీల్డ్ మాట ఎక్కువగా వినాలి. మధ్యలో రెండూ ఒకటి చెబితే నమ్మకం పెరుగుతుంది, వేరు వేరు చెబితే డాక్టరుగారికి ఆ సాయంత్రం తలనొప్పి.

ఫీల్డ్ నష్టాన్ని డెసిబెల్స్‌లో చెబుతారు. 75 ఏళ్ల మనిషికి ఇప్పటికి 6 డెసిబెల్స్ నష్టం ఉండి, ఏటా 0.3 చొప్పున పోతుంటే 90 ఏళ్లకు 10.5 అవుతుంది. ఆయన అప్పటికీ తన పని తాను చేసుకోగలడు. 45 ఏళ్ల మనిషికి అదే 6 ఉండి, ఏటా 1 చొప్పున పోతుంటే 60 ఏళ్లకు 21, డెబ్భైకి దగ్గర పడేసరికి 30, అంటే ఆ కంటికి దాదాపు చీకటే. ఇద్దరి రిపోర్టులూ ఈ రోజు ఒకేలా ఉంటాయి. ఒకరికి ఉన్న మందు చాలు, ఇంకొకరికి ఇప్పుడే గట్టి వైద్యం మొదలుపెట్టాలి. ఒత్తిడి ఒక్క మిల్లీమీటర్ తగ్గిస్తే జబ్బు ముదిరే ప్రమాదం సుమారు 10 శాతం తగ్గుతుందని స్వీడన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం చూపించింది. కాబట్టి గట్టి వైద్యానికి ఫలితం ఉంటుంది. వేగంగా పోయేవారిని తొందరగా పట్టుకోవడానికి మొదటి రెండేళ్లలో ఆరు ఫీల్డ్ టెస్టులు చేయాలని 2008లో కొందరు నిపుణులు సూచించారు. మన దగ్గర ఏడాదికి ఒకటి చేయించుకుంటే గొప్ప.

యంత్రం జోస్యం

కృత్రిమ మేధ ఈ కథలోకి ఎందుకు వచ్చిందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. అయిదు స్కాన్‌లూ నాలుగేళ్లూ ఆగకుండా, మొదటి స్కాన్‌లోనో రెండో స్కాన్‌లోనో "ఈ కన్ను వేగంగా పోయేది" అని చెప్పగలిగితే ఎంతో చూపు మిగులుతుంది.

యంత్రాల కంటే ముందే ఈ పని కొంత జరిగింది. పైన చెప్పిన 1,636 మంది అధ్యయనం నుంచే ఒక లెక్కపత్రం తయారైంది. వయసు, కంటి ఒత్తిడి, నల్లగుడ్డు పైపొర మందం, కప్పు నిష్పత్తి, ఫీల్డ్ టెస్టులో ఎగుడుదిగుళ్లు అనే అయిదు అంకెలు ఇస్తే అయిదేళ్లలో గ్లకోమా వచ్చే అవకాశం ఎంతో చెబుతుంది. పైపొర పలచగా ఉన్నవారికి ప్రమాదం ఎక్కువని బయటపెట్టింది ఆ అధ్యయనమే. చిన్న కాగితం మీద చేయగలిగిన ఈ లెక్క చాలా ఆర్భాటపు సాఫ్ట్‌వేర్ల కంటే నాకు నమ్మకంగా అనిపిస్తుంది, ఏ అంకె వల్ల ప్రమాదం పెరిగిందో అది దాచదు కనుక.

2019లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు ఒక చమత్కారమైన పని చేశారు. మామూలు రంగు ఫొటోను యంత్రానికి చూపించి, అదే కంటి ఓసీటీలో ఎన్ని మైక్రాన్లు వచ్చిందో ఊహించమన్నారు. నిపుణుడు 0.6 అనో 0.7 అనో రాసిన అభిప్రాయం స్థానంలో యంత్రానికి యంత్రమే గురువు అయింది. ఊహ సగటున 7 మైక్రాన్ల చిల్లర తేడాతో సరిపోయింది. ఒక ఫొటోలోంచి అంత పిండడం మనిషికి సాధ్యం కాదు. అయితే ఏడాదికి ఒకటి రెండు మైక్రాన్ల మార్పును పట్టుకోవలసిన చోట 7 మైక్రాన్ల పొరపాటు ఉన్న కొలబద్ద ఒక్క ఫొటోతో ఏమి తేల్చగలదు? ఊళ్లలో, శిబిరాల్లో జబ్బు ఉన్నవారిని వడగట్టడానికి ఇది బాగా పనికొస్తుంది. బెంగళూరులో తయారయ్యే, ఫోనుకు బిగించే కెమెరాలతో ఆ పని మొదలైంది కూడా. వడగట్టడం వేరు, వెంబడించడం వేరు.

అదే సంవత్సరం వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు ముప్పై రెండు వేలకు పైగా ఫీల్డ్ టెస్టులతో యంత్రానికి చదువు చెప్పి, ఒకే ఒక్క టెస్టు చూపించి అయిదున్నర ఏళ్ల దాకా భవిష్యత్తు చిత్రం గీయించారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వారిది వేరే దారి. చనిపోతున్న కణాలకు అంటుకునే ఒక పదార్థానికి వెలిగే రంగు కలిపి రక్తనాళంలోకి ఎక్కించి, రెటీనాలో తెల్లని చుక్కలుగా వెలిగే కణాలను లెక్కపెట్టారు. మనుషుల్లో చేసిన తొలి ఫలితాలు 2017లో వచ్చాయి. చుక్కలు ఎక్కువ ఉన్నవారి నరం తర్వాత ఎక్కువ పలచబడింది. ఇప్పటిదాకా చెప్పుకున్న కొలతలన్నీ పోయినదాన్ని లెక్కించేవి, ఇది పోతూ ఉన్నదాన్ని చూపిస్తుంది. పరీక్షించినవారి సంఖ్య చాలా తక్కువ, మామూలు ఆసుపత్రికి ఇది ఇంకా రాలేదు. అయినా నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది ఇదే.

యంత్రం జోస్యంలో ఎక్కువమంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. యంత్రం చదువుకున్న రోగులంతా వైద్యం పొందుతున్నవారే. ఎవరి నరం వేగంగా పోతోందని డాక్టరు భయపడ్డారో వారికి మందు పెంచారు, ఆపరేషన్ చేశారు. దాంతో వారి గీత చదునైంది. ఆ గీతలు చూసి నేర్చుకున్న యంత్రం "ఇలాంటి కన్నుకు ప్రమాదం లేదు" అని అనుకోవచ్చు. పులిచింతల దగ్గర నీళ్లు ఆపినందువల్ల బ్యారేజీకి వరద రాకపోతే, ఆ వర్షానికి వరద రాదని రాసుకున్నట్టు ఉంటుంది. పైగా ఏ దేశపు కళ్లతో నేర్పారో, ఏ కంపెనీ మిషన్‌తో నేర్పారో దాని మీద కూడా ఫలితం ఆధారపడుతుంది.

బుడమేరు

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. ఊరంతా కృష్ణ వైపు చూస్తుంటే సింగ్‌నగర్‌ను ముంచింది పక్క నుంచి వచ్చిన బుడమేరు. గ్లకోమాలోనూ గీత చూసి మురిసిపోతుండగా పక్క నుంచి వచ్చేవి ఉన్నాయి.

ద్రవం బయటికి పోయే కోణం మూసుకుపోయే రకం గ్లకోమా మన దేశంలో తక్కువేమీ కాదు. ఆ కోణం కంటి ముందు భాగంలో ఉంటుంది. రెటీనా బొమ్మలు ఎన్ని తీసినా అది కనబడదు. డాక్టరు కంటికి అద్దాల కటకం ఆనించి స్వయంగా చూడాలి. అది చూడకుండా పదేళ్ల ఓసీటీ పెట్టుకున్నా సగం కథే.

రెండోది స్టెరాయిడ్ చుక్కలు. కళ్లు దురదపెడితే, ఎర్రబడితే మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి వేసుకోవడం మన జిల్లాల్లో మామూలు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కొందరికి కొద్ది వారాల్లోనే కంటి ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. నాలుగేళ్లు చదునుగా ఉన్న గీత ఒక్క ఏడాదిలో విరిగిపోతుంది. మూడోది అందరికీ తెలిసినదే, రాసిచ్చిన చుక్కలు వేసుకోకపోవడం. నొప్పి లేదు, మంట లేదు, వేసుకుంటే కన్ను ఎర్రబడుతుంది, వేసుకున్నా చూపు మెరుగుపడినట్టు ఉండదు. మానేయడానికి ఇన్ని కారణాలున్న మందు ఇంకోటి లేదేమో. పరీక్షకు వారం ముందు మొదలుపెట్టి ఒత్తిడి మామూలుగా చూపించుకునేవారిని ఏ యంత్రమూ పట్టుకోలేదు. నరం మాత్రం పట్టిస్తుంది, ఆలస్యంగా.

పెద్ద పరీక్షలన్నిటికీ దూరం పోనవసరం లేదు. తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఆసుపత్రి ఉంది, గుంటూరు దారిలో పెదకాకాని దగ్గర శంకర కంటి ఆసుపత్రి ఉంది, గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లినా వరసగా అక్కడికే వెళ్లడం, అదే మిషన్ మీద తీయించుకోవడం, తప్పక మారవలసి వస్తే కొత్త చోట మొదటి స్కాన్‌ను కొత్త లెక్కకు తొలి అంకెగా రాసుకోవడం మన చేతిలో పని. ఫోనులో ఫొటో తీసి ఉంచుకున్నా సరే, పాత కాగితాన్ని పారేయకూడదు. ఇంట్లో ఒకరికి గ్లకోమా ఉంటే తోబుట్టువులకూ పిల్లలకూ ప్రమాదం కొన్ని రెట్లు ఎక్కువ కనుక వాళ్లూ ఒకసారి నరం చూపించుకోవాలి. ఈ లెక్కన నేనూ వెళ్లాను, మా నాన్నగారినీ తీసుకెళ్లాను. ఆయనకు డిస్కులు పెద్దవి, కప్పులు పెద్దవి, నరం బాగుంది.

ఆ రోజు డాక్టరుగారు బాబాయి సంచిలోని కాగితాలను మూడు కుప్పలు చేశారు. ఒక మిషన్‌వి రెండు, ఇంకో మిషన్‌వి మూడు, సిగ్నల్ చాలక పనికిరానిది ఒకటి. మూడు ఉన్న కుప్పను పైకి తీసి, అదే మిషన్‌లో నాలుగోది తీయించారు. ఫీల్డ్ టెస్టు కూడా మళ్లీ చేయించారు. తిరిగి వస్తూ బస్సులో బాబాయి బాల్‌పెన్ను అడిగి తీసుకుని, ఒక్కో కాగితం మూల మీద తేదీ, మిషన్ పేరు, మైక్రాన్ల అంకె రాశాడు. మంగళగిరి దాటేసరికి ఒక పాత కవరు వెనుక నాలుగు వరసల పట్టిక తయారైంది. అయిదో వరసలో అంకె చోటు వదిలేసి, పక్కన "సంక్రాంతి వెళ్లాక" అని రాసి పెట్టుకున్నాడు.